పిండి నీళ్ళు

నవంబర్ 11

చీర మీద పడ్డవి పిండి నీళ్ళే. పొద్దుట నుంచి పూతరేకుల కుండ ముందు కూర్చున్న మనిషి ఒళ్ళో పిండి నీళ్ళు కాక పన్నీరు పడుతుందా?

ఈ పుస్తకం ఎవరికీ చూపించేది కాదు. చూపించాల్సిన కాగితం వేరే ఉంది. రాజమండ్రిలో హారతి డాక్టరుగారు ఇచ్చారు. మూడు రోజుల పాటు ఎన్ని గంటలకి వెళ్ళానో, ఎంత వచ్చిందో, మధ్యలో ఎప్పుడు బట్ట తడిసిందో, నీళ్ళెన్ని తాగానో గళ్ళల్లో రాసి తీసుకెళ్ళాలి. కొలుచుకోవడానికి గీతలున్న మగ్గు కూడా ఇచ్చారు. యాభై రెండేళ్ళ వయసులో నా మూత్రం నేను కొలుచుకుని రాయాలన్నమాట. పదో తరగతి ఫస్టు క్లాసులో పాసైంది ఇందుకేనేమో.

ఏడాది నుంచీ తిరుగుతున్నాను. మొదట్లో రావులపాలెంలో ఇన్‌ఫెక్షన్ అన్నారు, మూడు విడతలు మందులు మింగాను. తరవాత వయసన్నారు. వయసుకి మందు లేదు కాబట్టి ఊరుకున్నాను. ఆగస్టులో హారతి డాక్టరుగారి దగ్గరికి వెళ్తే మాత్ర రాశారు. అది వేసుకుంటే నోరు ఎండుతోంది గాని కింద ఎండడం లేదు.

మా ఆయన తాతాజీకి తెలుసు. రావులపాలెం మార్కెట్లో అరటి గెలలు తూకం వేసే మనిషి, ఏదైనా ఒకసారి చూసి ఊరుకునే రకం. డాక్టరు దగ్గరికి బండి మీద దింపుతాడు, ఏమన్నారని అడుగుతాడు, అంతే. నాతో కూర్చుని రేకులు చుట్టే వీరవేణికి మాత్రం తెలియకూడదు.

నవంబర్ 12

కాగితంలో ఈ రోజుకి ఏడు సార్లని రాశాను.

నిజానికి పదమూడు. లేదు, పన్నెండు. స్నానానికి వెళ్ళినప్పుడు ఎలాగూ వెళ్ళాలి కదా, అది లెక్కలోకి రాదు.

తడిసిన గడిలో ఒకటి వేశాను.

నవంబర్ 14

మూడు రోజులూ అయిపోయాయి. కాగితం చూస్తే ఎంత ముచ్చటగా ఉందో. ఎవరో ఆరోగ్యవంతురాలి కాగితం.

అసలు తంటా అంతా గుడ్డ దగ్గరే వస్తోంది. గుడ్డ పిండి నీళ్ళలో ముంచాలి, బోర్లించిన కుండ మీద ఒక్క లాగు లాగాలి, రేకు తీయాలి, మళ్ళీ ముంచాలి. ఇరవై రెండేళ్ళుగా చేస్తున్న పని. ఇప్పుడు చెయ్యి తడవగానే కింద నుంచి పిలుపు వస్తోంది. ముంచితే పిలుపు, ముంచితే పిలుపు. ఆపుకుందామనుకునే లోపే సగం పని అయిపోతోంది. ఇది కాక కొబ్బరాకుల పొగకి దగ్గు. దగ్గితే అది వేరే రకం, పిలుపూ గిలుపూ ఉండదు, నేరుగా వచ్చేస్తుంది.

ప్రతిసారీ లేస్తాను. పెరట్లోకి వెళ్ళి కడుక్కుని, చీర మార్చుకుని, చేతులు మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకుని వచ్చి కూర్చుంటాను. తడిబట్టతో ఒక్క రేకు కూడా తీయలేదు. దేవుడి మీద ఒట్టు. ఇది ఎవరికి చెప్తాను? చెప్పినా ఎవరు నమ్ముతారు? సూర్యకళకి, అంటే నాకు, ఇదీ సంగతి అని ఒక్క మాట పుడితే చాలు, మా ఇంటి రేకు ఎవరూ నోట పెట్టరు. నా కుండ ఆరిపోతే వీరవేణి పనీ పోతుంది. పద్దెనిమిదేళ్ళుగా నేను రేకు తీయడం, అది నెయ్యీ పంచదారా జల్లి చుట్టడం. నేను లేచినప్పుడల్లా అది చుట్టడానికి రేకులు లేక కూర్చుంటుంది. ఏమీ అడగదు. బూడిద ఎత్తి పోస్తుంది, ఆకులు సర్దుతుంది.

నవంబర్ 20

డాక్టరుగారు కాగితం చూసి సంతోషించారు. బాగా తగ్గిందండీ అన్నారు. నేనూ సంతోషించినట్టు కూర్చున్నాను.

నాకున్నది ఒకటి కాదట, రెండు కలిసి ఉన్నాయట. దగ్గితే, బరువెత్తితే పడేది ఒకటి. అక్కడ పట్టి ఉంచే కండరం వదులైతే వచ్చేది. ఆగలేక పరుగెత్తించేది రెండోది. మూత్రపు సంచి నిండకుండానే తొందరపడుతుందట. రెండింటికీ కలిపి వ్యాయామం చెప్పారు. లోపల బిగించి పది అంకెలు, వదిలి పది అంకెలు. పిలుపు రాగానే లేచి పరుగెత్తకుండా, కదలకుండా కూర్చుని బిగించి, అది కాస్త సద్దుమణిగాక నెమ్మదిగా వెళ్ళాలి. నీళ్ళు మానకూడదు. మానేస్తే మూత్రం చిక్కబడి సంచికి ఇంకా చిరాకు పుడుతుందట. టీ తగ్గించాలి.

ఆపరేషన్ చేసి పారెయ్యకూడదా అని అడిగాను. ఆపరేషన్ దగ్గుకి పడేదానికేనని, రెండోది ఉండిపోవచ్చని, ఒక్కోసారి పెరగొచ్చని చెప్పారు. కాగితం ఇంత బాగుండగా ఆపరేషన్ మాటెందుకని అదే మాత్ర రాసి పంపారు.

వీరవేణికి కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తున్నానని చెప్పాను. పొగకి కళ్ళు మండుతున్నాయని.

నవంబర్ 21

ఈ రోజు ఏమీ లేదు. పిండి నీళ్ళు పడ్డాయి.

డిసెంబర్ 3

వీరవేణి పొద్దుటే గుప్పెడు నందివర్ధనం పూలు తెచ్చింది, కళ్ళ మీద పెట్టుకోమని. ఏ జబ్బూ లేని కళ్ళ మీద తడి పూలు పెట్టుకుని పావుగంట పడుకున్నాను. అబద్ధానికి ఆ మాత్రం శిక్ష పడాల్సిందే.

మధ్యాహ్నం హైవే మీద షాపు యుగంధర్ డబ్బాలకి వచ్చాడు. అందిద్దామని లేచానో లేదో తుమ్ము వచ్చింది. ఆ క్షణానే వీరవేణి రేకులు తడిపే చెంబు తన్నేసింది. గదంతా నీళ్ళు. యుగంధర్ బూట్లు తడుస్తాయని గుమ్మం అవతలికి గెంతాడు. నాకు ఒళ్ళు మండింది. కళ్ళ జబ్బు నాకా నీకా అని తిట్టాను. చెయ్యి జారిందక్కా అంది. పోయిన నెలలో నెయ్యి గిన్నె, ఇప్పుడు చెంబు. ఈ మధ్య దాని చేతులకి ఏమైందో తెలియడం లేదు.

డిసెంబర్ 19

భీమవరం నుంచి త్రినాథరాజుగారి భార్య అలివేలుమంగగారు కారులో వచ్చారు. చేపల చెరువులవాళ్ళు. ఫిబ్రవరిలో వాళ్ళమ్మాయి నాగశ్రీ పెళ్ళి. పెళ్ళి భోజనాల దగ్గర కుండ పెట్టి, అందరూ చూస్తుండగా రేకు తీసి, వేడిగా చుట్టి ఇవ్వాలట. ఈ మధ్య అందరూ అలా పెట్టిస్తున్నారు. నాలుగు గంటలు కూర్చోవాలి. ఇద్దరికీ వాళ్ళే ఒకే రకం చీరలు పెడతారు.

నేను వద్దనడానికి నోరు తెరిచాను. ఈలోగా వీరవేణి మొహం చూశాను. తను చుట్టిన రేకు వెయ్యి మంది తింటారని, ఫోన్లలో ఫొటోలు తీస్తారని అప్పుడే పెళ్ళిలో కూర్చున్నట్టు వెలిగిపోతోంది.

ఆయ్, వస్తామండి అన్నాను.

జనవరి 5

వ్యాయామం మొదలుపెట్టాను. పది అంకెలు లెక్కపెట్టడం నాకు కుదరడం లేదు. అందుకని రేకులు లెక్కపెడుతున్నాను. ఒక రేకు బిగించడం, ఒక రేకు వదలడం. పిలుపు వస్తే లేవకుండా ఐదు రేకులు తీయాలని నియమం పెట్టుకున్నాను.

రెండు తీయగలిగాను. మూడోది చిరిగింది.

జనవరి 9

వ్యాయామం చేశాను. అంటే పొద్దుట చేశాను.

జనవరి 22

ఈసారి కాగితంలో ఇంకా తగ్గించి రాశాను. ఆరు సార్లు, తడిసింది సున్నా. పెళ్ళి లోపల ఆపరేషన్ చేసెయ్యమని డాక్టరుగారిని బతిమాలాను. చెప్తూ చెప్తూ ఏడుపు వచ్చేసింది. ఆవిడ కాగితం తిప్పి నా ముందు పెట్టారు.

"సూర్యకళ గారూ, మీరు రాసింది చూస్తే మీకు జబ్బే లేదు. మరి ఎందుకు ఏడుస్తున్నారు?"

తల కొట్టేసినట్టయింది. ఆవిడ కోప్పడలేదు. ఖాళీ కాగితం ఇంకొకటి ఇచ్చి, ఇది నిజంగా రాసి తెస్తే తప్ప ఏ మందు మార్చాలో, ఏ పరీక్ష చెయ్యాలో నాకు తెలియదండీ అన్నారు. నేనేమీ కావాలని రాయలేదు. రాసేటప్పుడు చెయ్యి దానంతట అదే తక్కువ వేస్తుంది. ఆ అంకె చూస్తే కాసేపు నిజంగానే తగ్గినట్టుంటుంది.

కాగితం మడిచి పెట్టె అడుగున పెట్టాను.

ఫిబ్రవరి 15

రేపే పెళ్ళి. మధ్యాహ్నం నుంచి నీళ్ళు ముట్టలేదు. సాయంత్రం మాత్ర ఒకటికి రెండు వేసుకున్నాను. డాక్టరు చెప్పింది మామూలు రోజుల మాట. పెళ్ళి రోజు మాట వేరు.

ఫిబ్రవరి 17

వీరవేణి చెయ్యి తగిలి పిండి గిన్నె ఒలికింది. పెళ్ళిలో జరిగింది అంతే.

ఫిబ్రవరి 18

చెయ్యి తగిలింది. ఎవరి చెయ్యైనా తగులుతుంది. వెయ్యి మందిలో నన్ను తల నుంచి కాళ్ళ దాకా నవ్వులపాలు చేసింది.

తల నుంచి కాదు. నడుము నుంచి.

ఫిబ్రవరి 19

నిద్ర పట్టడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను. ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను.

భోజనాల షామియానా పక్కన మాకు చిన్న అరుగులా కట్టారు. వాళ్ళు పెట్టిన చీర లేత గులాబీ రంగుది. చుక్క పడితే అరచేతంత కనిపించే రంగు. బాత్రూము హాలుకి అవతలి చివర ఉంది, మధ్యలో బంతులన్నీ దాటుకుని వెళ్ళాలి.

కుండ వేడెక్కింది, మొదటి రేకు లేచింది, జనం మూగారు. ఫోన్లు పైకి లేచాయి. వీరవేణి చుట్టి ఇస్తూ ఒక్కొక్కరికీ రేకు గురించి చెప్తోంది, ఏదో కాలేజీలో పాఠం చెప్తున్నట్టు. నేను నోరు విప్పలేదు. విప్పుదామన్నా నాలుక అంగిట్లో అంటుకుపోయింది. ముందు మంట, లోపల చుక్క నీరు లేదు. రెండు వందల రేకుల దాకా లెక్క ఉంది. ఆ తరవాత కుండ చుట్టూ నల్లటి మచ్చలు తిరగడం మొదలుపెట్టాయి. నీళ్ళు తాగకపోతే రాదనుకున్నాను. పిలుపు మాత్రం వస్తూనే ఉంది, నిప్పు పెట్టినట్టు మంటతో.

అప్పుడు పెళ్ళికూతురు వచ్చింది. చక్కని పిల్ల. చేతిలో రేకు పట్టుకుని, మీరు కూడా లేచి నా పక్కన నిలబడండి పిన్నిగారూ, ఫొటో దిగుదాం అంది.

లేచాను. లేచిన క్షణానే అయిపోయింది. ఆగలేదు. కాళ్ళ మీదుగా వేడిగా దిగుతోంది, నేను కిందికి చూడలేదు, ఎదురుగా ఫోను పట్టుకున్న కుర్రాడి మొహమే చూస్తున్నాను. వాడి చూపు కిందికి దిగుతోంది.

పిండి గిన్నె వచ్చి నా నడుము మీద పడింది. రెండు శేర్ల తెల్లటి నీళ్ళు. చీరంతా, అరుగంతా, పెళ్ళికూతురి పట్టుచీర అంచు దాకా. అందరూ అయ్యో అన్నారు. వీరవేణి లేచి నిలబడి, పొరపాటైపోయిందండి, నా చెయ్యి తగిలిందండి అని అందరికీ దణ్ణాలు పెడుతోంది.

నేనేం చేశాను? అరికాలి మంట నెత్తికెక్కినట్టు అరిచాను. చేతకానిదానివి ఎందుకొచ్చావే, నా పరువు తీశావు కదే అన్నాను. పెద్దావిడ ఒకరు కలగజేసుకుని, ఇలాంటి మొద్దుని పెళ్ళిళ్ళకి తీసుకొస్తారా అన్నారు. వీరవేణి తల దించుకుంది. అలివేలుమంగగారు నన్ను లోపలికి తీసుకెళ్ళి వేరే చీర ఇచ్చారు. పిండి లేదు కాబట్టి పని అక్కడితో ఆగిపోయింది. వస్తున్నప్పుడు వ్యానులో వీరవేణి వెనక సీట్లో కూర్చుంది. నేను ముందు సీట్లో కూర్చున్నాను.

ఫిబ్రవరి 20

వీరవేణి నాలుగు రోజులుగా రావడం లేదు.

గిన్నె నా ఎడమ పక్కన ఉంటుంది. ఇరవై రెండేళ్ళుగా ఎడమ పక్కనే. వీరవేణి కుడి పక్కన కూర్చుంటుంది.

ఫిబ్రవరి 21

పొద్దుటే వీరవేణి ఇంటికి వెళ్ళాను. గట్టు దిగువన ఇల్లు. బియ్యం చెరుగుతోంది. రా అక్కా అనలేదు. పీట మాత్రం కాలితో ఇటు తోసింది.

కూర్చున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, గిన్నె ఎడమ పక్కనుంది కదే అన్నాను.

చేట పక్కన పెట్టింది.

"మీద నుంచి వంగి తియ్యాల్సొచ్చింది. కుండకి ముంజెయ్యి అంటుకుంది," అని చెయ్యి చూపించింది. బొబ్బ చితికి ఎర్రగా ఉంది.

నాకు ఏడుపు ఆగలేదు. నీకు ఎప్పటి నుంచి తెలుసని అడిగాను.

"నువ్వు లేస్తే నాకు చుట్టడానికి రేకులుండవక్కా. ఖాళీగా కూకుని ఏం చెయ్యను, అప్పటిదాకా ఎన్నొచ్చాయో లెక్కెట్టుకుంటాను. పోయినేడు రెండొందల రేకులకి ఓసారి లేచేదానివి. వినాయక చవితికి నూట ఇరవై. దీపావళి దాటాక నలభై. రెండు నెలల్నించీ నలభై కూడా రావట్లేదు."

అంతా అంకెల్లో చెప్పింది. డాక్టరుగారు నవంబర్ నుంచీ నన్ను అడుగుతున్నవి అవే అంకెలు. మరి ఎందుకు అడగలేదే అన్నాను. నువ్వు కళ్ళంటే కళ్ళే అనుకున్నానంది, అందుకే పూలు తెచ్చానంది. నెయ్యి గిన్నె గురించీ చెంబు గురించీ నేను అడగలేదు. అడగడానికి మొహం చెల్లలేదు.

నా చేతి రేకు తినడానికి నీకు అసహ్యం వెయ్యలేదా అని అడిగాను. ఈ మాట ఏడాది నుంచి గొంతులో ఉంది.

"రోజుకి పదిసార్లు కడుక్కుని, పదిసార్లు చేతులు రుద్దుకునొచ్చి కూర్చుంటావు. ఈ ఊళ్ళో అంత శుభ్రంగా ఎవరు తీస్తారు రేకు? నాకు అసహ్యమెయ్యలేదు. పెళ్ళిలో నువ్వు తిట్టినప్పుడు మాత్రం కష్టమేసింది. నీ కోసం చేసి నీ చేతే తిట్టించుకున్నాను. ఇంకో కుండకి పోదామని నిన్న బట్టలు కూడా సర్దుకున్నాను."

తప్పయిపోయిందే అన్నాను. దాని చెయ్యి పట్టుకుని అన్నాను. కాలిన చోటు తగిలి అబ్బా అంది, ఇద్దరం ఒకేసారి నవ్వి ఒకేసారి ఏడ్చాం.

ఫిబ్రవరి 24

పెట్టె అడుగు నుంచి కాగితం తీశాను. వీరవేణి వచ్చి తన చోట కూర్చుంది. పెన్ను దాని దగ్గరే పెట్టమంది. నేను లేవగానే రేకులెన్నో అది వేస్తుంది, తడిసిందో లేదో వచ్చాక నేను చెప్తాను. మొదటిసారి వేళ్ళతో చూపించాను.

ఈ రోజుకి పద్నాలుగు. తడిసింది ఆరు.

ఫిబ్రవరి 26

పద్నాలుగు, పదిహేను, పదమూడు. తడిసింది ఆరు, ఏడు, ఐదు.

ముచ్చటైన కాగితం కాదు. చూస్తే సిగ్గుగా ఉంది. అయినా మడవకుండా అట్టలో పెట్టాను.

మార్చి 6

వీరవేణిని వెంటబెట్టుకుని రాజమండ్రి వెళ్ళాను. డాక్టరుగారు కాగితం చూసి, గంటలు రాయాల్సిన చోట ఈ ముప్పై ఎనిమిది, నలభై ఏంటండీ అన్నారు. రేకులండి అంది వీరవేణి. నిమిషానికి రెండు తీస్తుందండి అక్క, దాన్ని బట్టి మీరు లెక్కేసుకోండి అంది. డాక్టరుగారు పక్కన చిన్న అంకెలు వేసుకుంటూ మొత్తం చదివారు. పెళ్ళి రోజు సంగతి నేనే చెప్పాను. నీళ్ళు మానేసి, రెండు మాత్రలు వేసుకుని, మంట ముందు కూర్చున్నందుకు గట్టిగా కోప్పడ్డారు.

మాత్ర మార్చారు. వ్యాయామం సరిగ్గా చేస్తున్నానో లేదో చూడ్డానికి వారానికి ఒకసారి అక్కడే ఒకమ్మాయి దగ్గరికి రమ్మన్నారు. ఆ బిగింపు ఇన్నాళ్ళూ తప్పుగా చేస్తున్నానట, పొట్ట బిగిస్తున్నానట. మూడు నెలలు ఇలా చేసి, అప్పుడు ఒక పరీక్ష చేసి, దగ్గుకి పడేదానికి ఆపరేషన్ సంగతి ఆలోచిద్దామన్నారు. పూర్తిగా పోతుందా అంటే, పోతుందని మాటివ్వలేను, తగ్గుతుంది అన్నారు. ఇన్నాళ్ళలో మొదటిసారి నాకు ఆవిడ మాట మీద నమ్మకం కుదిరింది. బహుశా నా మాట మీద ఆవిడకి కూడా.

మార్చి 19

అలివేలుమంగగారు ఫోన్ చేశారు. వాళ్ళ ఆడపడుచు కూతురి సీమంతానికి కుండ పెట్టాలట. ఆ రోజు పనిమనిషి మీద అంతలా అరిచారు, ఆవిడ వస్తారా అని అడిగారు. పనిమనిషి కాదండి, భాగస్తురాలు అన్నాను. ఆవిడ లేకపోతే నేను రాను అన్నాను. ఇంకో మాట కూడా చెప్పాను. నాకు మూత్రం ఆగని జబ్బు ఉందండి, రాజమండ్రి డాక్టరుగారి మందు వాడుతున్నాను, కుండ బాత్రూముకి దగ్గరలో పెట్టించాలి, నలభై రేకులకి ఒకసారి లేస్తాను, కడుక్కుని వచ్చే దాకా జనం ఆగాలి.

ఇక పని పోయిందనుకున్నాను, అందరికీ చెప్పేస్తారనుకున్నాను. ఆవిడ గొంతు తగ్గించి, ఆ రాజమండ్రి డాక్టరు ఏ రోజుల్లో చూస్తారండీ అని అడిగారు.

మార్చి 27

పొద్దుట నుంచి గ్లాసు గ్లాసు నీళ్ళు వీరవేణి చేతిలో పెట్టి తాగిస్తోంది. ముప్పై తొమ్మిదో రేకు దగ్గర పిలుపు వచ్చింది. లేవకు అంది. లేవలేదు. చెయ్యి పిండిలో ఉండగానే బిగించి కూర్చున్నాను. నలభై అంది. నలభై ఒకటి అంది. పిలుపు కాస్త వెనక్కి తగ్గింది. నలభై ఎనిమిది దాకా వచ్చాం. అప్పుడు కొబ్బరాకు పొగ తిరిగి దగ్గు వచ్చింది.

ఒళ్ళో తడి చూసి వీరవేణి పెన్ను పట్టుకుని నా వైపు చూసింది, ఏం రాయమంటావని.

పిండి నీళ్ళు కాదు, రాయి అన్నాను.